ఉప్పల్‌లో మ్యాచ్.. డోర్నకల్ ఫ్యాన్‌కు తిప్పలు! టికెట్ నుంచి ఆఖరి రైలు దాకా అసలు సమస్య ఎక్కడుంది?

ఐపీఎల్ షెడ్యూల్ వచ్చిందంటే చాలు.. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఏ మ్యాచ్‌కు వెళ్దామా అని చూస్తారు. డోర్నకల్‌లో ఉన్నవాళ్లు మాత్రం ముందు రైళ్ల టైమ్ చూస్తారు. ఎందుకంటే ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ అంటే వాళ్లకు మూడున్నర గంటల ఆట కాదు. ఉదయం బయల్దేరితే మర్నాడు తెల్లవారుజాము దాకా సాగే వ్యవహారం అది.

అంత కష్టపడి వెళ్లాక ఏం జరుగుతోంది? టికెట్ దొరకదు. దొరికితే బ్యాగ్ లోపలికి రానివ్వరు. లోపలికెళ్తే మంచినీళ్లకు క్యూ. మ్యాచ్ టెన్షన్‌లో పడే టైమ్‌కు రైలు గుర్తొస్తుంది. ఇందులో దేనిమీదైనా కంప్లైంట్ చేద్దామంటే ఎవరిని అడగాలో తెలియదు. ఉప్పల్ గురించి ఏళ్లుగా వినిపిస్తున్న గోడంతటికీ మూలం ఈ చివరి మాటే. అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ప్రయాణం లెక్క

డోర్నకల్ మహబూబాబాద్ జిల్లాలోని రైల్వే జంక్షన్. కాజీపేట - విజయవాడ మెయిన్ లైన్ మీద ఉంటుంది. భద్రాచలం రోడ్, మణుగూరు వైపు వెళ్లే లైన్ ఇక్కడే చీలుతుంది. ఇక్కడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు దారిలో రెండొందల కిలోమీటర్ల పైమాటే. పొద్దున గోల్కొండ ఎక్స్‌ప్రెస్ లాంటిది ఎక్కితే మధ్యాహ్నం దాటాక సికింద్రాబాద్‌లో దిగుతారు.

అక్కడి నుంచి ఉప్పల్ దూరమేమీ కాదు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో బ్లూ లైన్ ఎక్కితే మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ.. ఆ తర్వాత స్టేడియం స్టేషనే. ఐదో స్టాప్. చర్లపల్లి టెర్మినల్‌లో ఆగే రైలైతే ఉప్పల్ ఇంకా దగ్గర, కానీ చర్లపల్లికి మెట్రో లేదు. ఆటోనో, బస్సో పట్టుకోవాల్సిందే. వరంగల్ దాకా రైల్లో వచ్చి, హనుమకొండ నుంచి బస్సెక్కేవాళ్లూ ఉంటారు. ఆ బస్సులు ఉప్పల్ మీదుగానే వస్తాయి. కాకపోతే ఉప్పల్ - నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగుతూ వచ్చాయి. ఆ దారిలో ట్రాఫిక్ సంగతి తెలిసిందే.

అంటే వెళ్లడానికి దారులున్నాయి. అసలు చిక్కు తిరిగి రావడంలో ఉంది. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు టికెట్.

టికెట్ దొరకడమే తొలి మ్యాచ్

2022 సెప్టెంబర్ 22 చాలామందికి గుర్తుండే ఉంటుంది. మూడు రోజుల తర్వాత ఉప్పల్‌లో భారత్ - ఆస్ట్రేలియా మూడో టీ20. టికెట్లు ఎప్పుడిస్తారో చివరి దాకా స్పష్టత లేదు. ఆఖరికి సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్స్‌లో కౌంటర్లు పెట్టారు. వేలాది మంది ఒక్కసారిగా వచ్చిపడ్డారు. తొక్కిసలాట జరిగింది, పోలీసులు లాఠీలకు పని చెప్పారు, పలువురు గాయపడి ఆసుపత్రి పాలయ్యారు. ఆట ఇంకా మొదలే కాలేదు.. టికెట్ కోసమే ఇదంతా.

ఆ దెబ్బతో 2023 జనవరి 18న జరిగిన భారత్ - న్యూజిలాండ్ వన్డేకు టికెట్లన్నీ ఆన్‌లైన్‌లోనే అమ్మారు. మంచిదే కదా అనుకోవచ్చు. కానీ చిన్న మెలిక ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నా, అసలు టికెట్ మాత్రం ఎల్బీ స్టేడియానికో, గచ్చిబౌలి స్టేడియానికో వెళ్లి తీసుకోవాలి. హైదరాబాద్ వాళ్లకు అది ఓ పూట పని. డోర్నకల్ నుంచి వచ్చేవాళ్లకు? ముందే ఓసారి వచ్చిపోవాలి, లేదంటే మ్యాచ్ రోజు ఊరంతా తిరిగి తీసుకుని ఉప్పల్‌కు చేరాలి. శుభ్‌మన్ గిల్ 208 కొట్టిన మ్యాచ్ అది. 349 కొట్టిన భారత్ చివరికి 12 పరుగులతో గట్టెక్కింది. చూసినవాళ్లు అదృష్టవంతులే, కానీ ఆ అదృష్టానికి దూరాన్ని బట్టి రేటు మారింది.

2023 ప్రపంచకప్‌లోనూ ఇదే తంతు. ఈ-టికెట్ చెల్లదు, కాగితం టికెట్ ఉండాల్సిందే అన్నారు. పైగా సెప్టెంబర్ 29న ఉప్పల్‌లో జరగాల్సిన పాకిస్తాన్ - న్యూజిలాండ్ వార్మప్ మ్యాచ్‌ను పండుగల బందోబస్తు కారణంగా ప్రేక్షకులు లేకుండానే ఆడించారు. టికెట్ డబ్బులు వెనక్కి ఇస్తామని చెప్పారు. మరి రైలు టికెట్, లాడ్జి బుకింగ్ డబ్బులు? అవి ఎవరి లెక్కలోనూ ఉండవు.

ఇప్పుడు ఐపీఎల్ టికెట్లు యాప్‌లలో అమ్ముతున్నారు. పెద్ద మ్యాచ్ అయితే క్యూలో నంబర్ కదిలేలోపే సీట్లు అయిపోతాయి. స్టేడియం సామర్థ్యం సుమారు 39 వేలు. అందులో పది శాతం, అంటే దాదాపు 3,900 సీట్లు, ఉచిత పాస్‌ల కిందే పోతాయి. ఈ పాస్‌ల మీదే 2025 మార్చి నెలాఖరులో హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌కూ, సన్‌రైజర్స్ యాజమాన్యానికీ మధ్య పెద్ద గొడవ నడిచింది. అదనపు పాస్‌ల కోసం వేధిస్తున్నారని, ఓ మ్యాచ్ రోజు కార్పొరేట్ బాక్స్‌కు తాళం వేశారని ఫ్రాంచైజీ ఆరోపించింది. హెచ్‌సీఏ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. జులైలో సీఐడీ హెచ్‌సీఏ అధ్యక్షుడితో పాటు మరికొందరిని అరెస్ట్ చేసింది. తప్పెవరిదో తేల్చాల్సింది కోర్టు. కానీ ఒక్క మాట.. ఆ రెండు వర్గాలూ కొట్టుకున్నది ఫ్రీ సీట్ల గురించి. డబ్బు పెట్టి కొనేవాడి సీటు గురించి కాదు.

ఇక రేటు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఐపీఎల్ టికెట్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. వెయ్యి రూపాయల టికెట్ ఇదివరకు పన్నుతో కలిపి 1,280 అయ్యేది. ఇప్పుడు 1,400. యాప్ వాళ్ల ఫీజు వేరే.

టికెట్ దొరకని చోట బ్లాక్ మొదలవుతుంది. ఇక్కడ ఊరినుంచి వచ్చేవాళ్లే ఎక్కువగా దొరికిపోతారు. సోషల్ మీడియాలో "నా దగ్గర రెండు ఎక్స్‌ట్రా ఉన్నాయి" అని ఎవరో పోస్ట్ పెడతారు, డబ్బులు వేయించుకుని క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ పంపుతారు. అదే స్క్రీన్‌షాట్‌ను పది మందికి పంపినా కొనేవాడికి తెలియదు. గేటు దగ్గర ముందు ఎవరి కోడ్ స్కాన్ అయితే వాళ్లే లోపలికి. మిగతా తొమ్మిది మంది బయటే.

గేటు దగ్గర బ్యాగ్ సంగతేంటి?

మ్యాచ్‌కు ముందు పోలీసులు నిషేధిత వస్తువుల లిస్ట్ ఇస్తారు. బ్యాగులు, నీళ్ల సీసాలు, బయటి తిండి, హెల్మెట్లు, లైటర్లు, పెర్ఫ్యూమ్‌లు, నాణేలు, పెన్నులు, బ్యాటరీలు.. ఇలా చాలా ఉంటాయి. భద్రత కోణంలో దీన్ని తప్పుపట్టలేం. గ్రౌండ్‌లోకి విసిరేందుకు పనికొచ్చేవేవీ లోపలికి రాకూడదన్నదే దీని వెనుక ఆలోచన.

కానీ ఈ లిస్ట్ స్టేడియం చుట్టుపక్కల ఉండేవాళ్లకు సరిపోతుంది. రెండొందల కిలోమీటర్ల దూరం నుంచి రైల్లో వచ్చినవాడి దగ్గర బ్యాగ్ ఉండకుండా ఎలా ఉంటుంది? ఒక జత బట్టలు, తువ్వాలు, ఛార్జర్, పవర్‌బ్యాంక్.. మామూలుగా ఉండేవే. గేటు దాకా వచ్చాక "బ్యాగ్ నాట్ అలౌడ్" అంటే దాన్ని ఎక్కడ పెట్టాలి? రోడ్డు పక్కన కిళ్లీ కొట్టు వాడికో, జ్యూస్ బండి వాడికో డబ్బులిచ్చి అప్పగించాల్సి వస్తుంది. మ్యాచ్ అయ్యేసరికి ఆ బండి అక్కడే ఉంటుందన్న గ్యారంటీ లేదు.

పవర్‌బ్యాంక్ సంగతి మరీ విచిత్రం. టికెట్ ఫోన్‌లో, మెట్రో టికెట్ ఫోన్‌లో, రైలు టికెట్ ఫోన్‌లో. పొద్దున్నుంచి వాడిన ఫోన్‌లో సాయంత్రానికి ఛార్జింగ్ ఎంత మిగులుతుంది? ఫోన్ ఆగిపోతే ఇల్లు చేరే దారే ఆగిపోయినట్టు.

లోపలికెళ్లాక..

2023 ప్రపంచకప్ టైమ్‌లో ఉప్పల్ సీట్ల ఫొటోలు సోషల్ మీడియాలో వైరల్ అయ్యాయి. కారణం.. సీట్ల మీద పక్షుల రెట్టలు, దుమ్ము. ప్రపంచకప్ కోసం స్టేడియాలకు కోట్లు ఖర్చుపెట్టారని వార్తలు వస్తున్న టైమ్ అది. సీటు తుడవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. మ్యాచ్ రోజు పొద్దున ఎవరో ఒకరు వెళ్లి చూస్తే చాలు.

2024 ఏప్రిల్‌లో ఇంకో ముచ్చట. ఏప్రిల్ 5న సన్‌రైజర్స్ - చెన్నై మ్యాచ్. ముందురోజు విద్యుత్ సంస్థ స్టేడియానికి కరెంట్ కట్ చేసింది. 1 కోటి 60 లక్షల రూపాయలకు పైగా పాత బకాయిలు ఉన్నాయన్నది కారణం. చర్చల తర్వాత కరెంట్ ఇచ్చారు, మ్యాచ్ జరిగింది. కానీ ఆ కొన్ని గంటలూ టికెట్ కొన్నవాళ్ల పరిస్థితి ఏంటి? రైలెక్కాలా వద్దా అని వార్తలు చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

తర్వాత నీళ్లు. సీసా లోపలికి రానివ్వరు కాబట్టి లోపల కొనాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడున్నరకు మ్యాచ్ ఉంటే ఆ ఎండలో నీళ్లు సరదా కాదు, అవసరం. ఇన్నింగ్స్ బ్రేక్‌లో స్టాల్స్ దగ్గర, బాత్రూమ్‌ల దగ్గర ఒకేసారి జనం పడతారు. పిల్లలతో వచ్చినవాళ్లు, ఆడవాళ్లు బ్రేక్ కంటే ముందే లేచి వెళ్లాలి, అంటే డబ్బులిచ్చిన ఆటలో కొంత వదులుకోవాలి.

ఉచితంగా నీళ్లు ఇవ్వడం సాధ్యం కాదా? సాధ్యమే. 2023 ప్రపంచకప్ మొదలైన రోజున స్టేడియాల్లో ప్రేక్షకులకు ఉచితంగా మంచినీళ్లు ఇస్తామని బీసీసీఐయే ప్రకటించింది. సినిమా హాళ్ల విషయంలోనూ 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇలాంటి మాటే చెప్పింది. బయటి తిండి వద్దనే హక్కు హాలు యజమానికి ఉంది, కానీ శుభ్రమైన తాగునీరు మాత్రం ఉచితంగా ఇవ్వాలని స్పష్టం చేసింది. ఆ తీర్పు థియేటర్ల గురించే. కానీ సీసా బయట పెట్టించే ప్రతి చోటికీ ఆ న్యాయం వర్తించాలని ఫ్యాన్స్ అడగడంలో తప్పేముంది?

వాన పడితే డబ్బులు వస్తాయా?

2025 మే 5న సన్‌రైజర్స్ - ఢిల్లీ మ్యాచ్ ఇదే ఉప్పల్‌లో జరిగింది. ఢిల్లీ 133 పరుగులు చేసింది. తర్వాత వాన. సన్‌రైజర్స్ బ్యాటింగ్‌కు దిగకుండానే మ్యాచ్ రద్దయింది. సగం ఆటే చూశాం, సగం డబ్బులైనా ఇస్తారా అంటే.. సాధారణంగా టికెట్ షరతుల్లో ఉండే రూల్ ఒకటే. ఒక్క బంతి కూడా పడకపోతేనే రీఫండ్. ఒక్క బంతి పడినా మ్యాచ్ జరిగినట్టే లెక్క. టికెట్ కొనే ముందు యాప్‌లో చిన్న అక్షరాల్లో ఉండే ఈ షరతులు చదివేవాళ్లు తక్కువే.

ఆఖరి ఐదు ఓవర్లు వదులుకోవాల్సిందేనా?

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఐపీఎల్ సాయంత్రం మ్యాచ్ ఏడున్నరకు మొదలవుతుంది. రివ్యూలు, టైమవుట్లు, మంచు.. అన్నీ కలిపి అయ్యేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. ఒక్కోసారి పదకొండున్నర. సికింద్రాబాద్ నుంచి డోర్నకల్ మీదుగా వెళ్లే మణుగూరు ఎక్స్‌ప్రెస్ అర్ధరాత్రికి కాస్త ముందు బయల్దేరుతుంది. మధ్యలో మెట్రో. స్టేడియం స్టేషన్ నుంచి ప్రయాణం పావుగంటే కావచ్చు, కానీ వేల మంది ఒకేసారి మెట్లెక్కుతుంటే ప్లాట్‌ఫామ్ దాకా చేరడానికే దానికి రెండింతలు పడుతుంది.

మ్యాచ్ రోజుల్లో మెట్రో సర్వీసులు పొడిగిస్తారు. అది నిజంగా మేలే. 2022 సెప్టెంబర్ 25 మ్యాచ్‌కు రాత్రి ఒంటిగంట దాకా రైళ్లు నడిపారు. ఆర్టీసీ కూడా ఐపీఎల్ రోజుల్లో నగరంలోని పలు డిపోల నుంచి ఉప్పల్‌కు ప్రత్యేక బస్సులు వేస్తోంది. అయితే ఇవన్నీ సిటీలో ఇల్లున్నవాళ్ల కోసం. జిల్లాల నుంచి వచ్చినవాళ్లను స్టేషన్‌కు టైమ్‌కు చేర్చే ఏర్పాటు ఏదీ వీటిలో లేదు.

దీంతో ఏమవుతోంది? దూరం నుంచి వచ్చినవాడు పదిహేనో ఓవర్‌కే సీట్లోంచి లేస్తాడు. 2025 ఏప్రిల్ 12నే తీసుకోండి. పంజాబ్ కింగ్స్ 245 కొట్టింది. అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 బాదాడు. సన్‌రైజర్స్ 18.3 ఓవర్లలోనే పని ముగించింది. అలాంటి ఛేజింగ్ మళ్లీ ఎప్పుడు చూస్తామో తెలియదు. ఆ రాత్రి రైలు కోసం ముందే లేచినవాళ్లకు మిగిలింది ఫోన్‌లో స్కోర్ మాత్రమే. అందరికంటే ఎక్కువ ఖర్చుపెట్టి, ఎక్కువ దూరం వచ్చినవాడే అందరికంటే తక్కువ ఆట చూస్తున్నాడు.

రైలు తప్పితే? స్టేషన్‌లో పడిగాపులు, లేదంటే లాడ్జి ఖర్చు. మర్నాడు కాలేజీ, కూలీ, డ్యూటీ.. ఏదున్నా పోయినట్టే.

ఇంతకీ ఎవరిని అడగాలి?

ఇక్కడే అసలు విషయం ఉంది. ఐపీఎల్ లీగ్ బీసీసీఐది. హోమ్ మ్యాచ్ టికెట్ల అమ్మకం, ఆ ఆదాయం ఫ్రాంచైజీది. స్టేడియం నడిపేది హెచ్‌సీఏ. టికెట్ అమ్మేది యాప్. తిండి స్టాళ్లు కాంట్రాక్టర్లవి. గేటు దగ్గర తనిఖీ పోలీసులు, ప్రైవేట్ సెక్యూరిటీ సిబ్బందిది. మెట్రో ఒకరిది, బస్సు ఒకరిది, రైలు ఇంకొకరిది. అదే అంతర్జాతీయ మ్యాచ్ అయితే లెక్క మారుతుంది, టికెట్ బాధ్యత హెచ్‌సీఏ వైపు వస్తుంది.

ఇందులో ప్రతి ఒక్కరూ తమ ముక్క వరకు పని చేశామనే అంటారు. సీటు మురికిగా ఉందంటే స్టేడియం వాళ్లది. నీళ్ల రేటు ఎక్కువంటే కాంట్రాక్టర్‌ది. బ్యాగ్ వద్దన్నది పోలీసులు. రైలు అందలేదంటే అది మీ సమస్య. కానీ ఫ్యాన్‌కు ఇవి ముక్కలు కావు. ఇంటి దగ్గర మొదలై ఇంటి దగ్గర ముగిసే ఒకే రోజు. ఆ రోజు మొత్తానికి జవాబు చెప్పే మనిషి ఒక్కరూ లేరు. జింఖానా తొక్కిసలాట తర్వాత జరిగింది కూడా అదే. తప్పు మాది కాదంటే మాది కాదన్న మాటలే ముందు వినిపించాయి.

ఇది సౌకర్యాల గొడవ మాత్రమే కాదు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట ఆర్సీబీ విజయోత్సవంలో తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయారు. సుమారు 35 వేల సామర్థ్యం ఉన్న చోటికి అంతకు ఎన్నో రెట్ల జనం వచ్చారు. ఎంట్రీ ఎలా, పాస్‌లు ఉన్నాయా లేవా అన్నదానిపై సరైన సమాచారం లేదు. ఆ తర్వాత కూడా ఎవరు పిలిచారు, ఎవరు అనుమతిచ్చారు అన్న వాదనే నడిచింది. సమాచారం ఆలస్యం కావడం, బాధ్యత ఎవరిదో తేలకపోవడం.. జింఖానాలో గాయాలతో పోయిన అవే రెండు తప్పులు బెంగళూరులో ప్రాణాలు తీశాయి.

వేరే చోట్ల ఏం చేస్తున్నారు?

మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2024 ఐపీఎల్‌లో చెన్నైలో మ్యాచ్ టికెట్ చూపిస్తే మెట్రో ప్రయాణం ఫ్రీ. ఫ్రాంచైజీ, మెట్రో సంస్థ మాట్లాడుకుని చేసిన ఏర్పాటు అది. క్యూలో నిలబడి వేరే టికెట్ కొనే పని తప్పింది. జర్మనీలో చాలా ఫుట్‌బాల్ క్లబ్‌ల మ్యాచ్ టికెట్‌లోనే లోకల్ బస్సు, రైలు ప్రయాణం కలిసి ఉంటుంది. 2024 యూరో కప్‌లో టికెట్ ఉన్నవాళ్లకు 36 గంటల పాటు లోకల్ రవాణా ఉచితంగా ఇచ్చారు.

తిండి రేట్ల విషయంలో అమెరికాలోని అట్లాంటా ఓ ప్రయోగం చేసింది. 2017లో ప్రారంభమైన మెర్సిడెస్ బెంజ్ స్టేడియంలో కూల్‌డ్రింక్, హాట్‌డాగ్ లాంటివి రెండు డాలర్లకే పెట్టారు. పాత స్టేడియంతో పోలిస్తే రేట్లు సగానికి తగ్గాయి. నష్టం వచ్చిందా? లేదు. ఒక్కో ప్రేక్షకుడు పెట్టే ఖర్చు 16 శాతం పెరిగిందని యాజమాన్యమే చెప్పింది. రేటు తగ్గితే జనం ఎక్కువ కొన్నారు, ముందుగానే స్టేడియానికి వచ్చారు.

ఫ్యాన్ చేతిలో ఏముంది?

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. టికెట్ కొన్న ప్రేక్షకుడు వినియోగదారుడే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవలో లోపం ఉంటే ఫిర్యాదు చేయొచ్చు. పాత చట్టంలో అవతలి పార్టీ ఎక్కడుంటే అక్కడికో, సంఘటన జరిగిన చోటికో వెళ్లాలి. కొత్త చట్టంలో ఫిర్యాదుదారు తాను ఉంటున్న ప్రాంతం పరిధిలోని జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. అంటే డోర్నకల్ ఫ్యాన్ కేసు కోసం మళ్లీ హైదరాబాద్ రైలెక్కనక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. లాయర్ తప్పనిసరి కాదు.

అంత దూరం ఎందుకనుకుంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ప్యాక్ చేసిన నీళ్లు, కూల్‌డ్రింక్ మీద ముద్రించిన ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకుంటే అది తూనికలు కొలతల శాఖ చూడాల్సిన విషయం. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి మల్టీప్లెక్స్‌లలో ఎంఆర్‌పీకే అమ్మాలని ఆ శాఖ గట్టిగా చెప్పింది. ఫేక్ టికెట్‌కు డబ్బులు పోతే వెంటనే 1930కి కాల్ చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బులు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త. నోటిమాట సాక్ష్యం కాదు. టికెట్, పేమెంట్ మెసేజ్, సీటు ఫొటో, బిల్లు.. ఇవి దాచుకోవాలి. స్టాల్ వాళ్లు బిల్లు ఇవ్వకపోతే ఫోన్‌లో పేమెంట్ చేస్తే రికార్డ్ ఉంటుంది.

జిల్లాల నుంచి మ్యాచ్‌కు వెళ్తున్నారా? ఇవి గుర్తుపెట్టుకోండి

- రిటర్న్ రైలు టైమ్ చూసుకున్నాకే మ్యాచ్ టికెట్ కొనండి. టైమింగ్స్ మారుతుంటాయి, ప్రయాణం ముందురోజు మళ్లీ చెక్ చేసుకోండి.
- బ్యాగ్ ఉంటే రైల్వే స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టండి. తాళం వేసిన బ్యాగ్, రైలు టికెట్ ఉండాలి.
- మెట్రోకు రానూపోనూ టికెట్ ముందే తీసుకోండి, లేదా కార్డులో డబ్బులు వేసుకోండి. రాత్రి కౌంటర్ దగ్గర క్యూ మామూలుగా ఉండదు.
- రైలు టికెట్, ఇంటి నంబర్ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ ఆగిపోయినా పని నడుస్తుంది.
- తెలియనివాళ్ల దగ్గర స్క్రీన్‌షాట్ టికెట్ కొనొద్దు. ఎంత తక్కువకు ఇస్తామన్నా సరే.
- పిల్లలను తీసుకెళ్తే గేట్ నంబర్, సీట్ నంబర్ వాళ్ల జేబులో పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే చెప్పండి.

ఖర్చు లేకుండా మార్చగలిగేవి ఇవే

అభిమానులు అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు. టికెట్ల అమ్మకం తేదీ కనీసం వారం ముందు చెప్పడం. గేటు బయట డబ్బులు కట్టి బ్యాగ్ పెట్టుకునే ఒక కౌంటర్. ప్రతి స్టాండ్‌లో ఉచిత మంచినీళ్ల పాయింట్. మ్యాచ్ రోజు పనిచేసే ఒకే ఒక్క ఫిర్యాదు నంబర్.. సీటైనా, నీళ్లైనా, గేటైనా అదే నంబర్‌కు చెప్పుకునేలా. రాత్రి మ్యాచ్ ఉన్న రోజున స్టేడియం నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు నేరుగా నాలుగు బస్సులు. వీటిలో ఏదీ కోట్ల పని కాదు. ఎవరో ఒకరు ముందుకొచ్చి "ఇది మా బాధ్యత" అంటే చాలు.

2005 నవంబర్‌లో తొలి వన్డే జరిగినప్పటి నుంచి ఉప్పల్ గ్రౌండ్‌లో రికార్డులకు కొదవ లేదు. 2024లో 277, 2025లో 286.. సన్‌రైజర్స్ భారీ స్కోర్లు ఇక్కడే కొట్టింది. ఆ స్కోర్లు చూడ్డానికి మహబూబాబాద్, ఖమ్మం, కొత్తగూడెం నుంచి వచ్చేవాళ్లు వచ్చే సీజన్‌లోనూ వస్తారు. ఈసారైనా ఆఖరి ఓవర్ చూసి, మణుగూరు ఎక్స్‌ప్రెస్ కూడా అందుకోగలరా అన్నదే ప్రశ్న. దానికి జవాబు వాళ్ల చేతిలో మాత్రం లేదు.